బుట్ట కింద దీపం: గోదావరి డెల్టా దెయ్యంతో టీనేజీ పిల్లలకి చీకటి జానపద నవల రాసే పద్ధతి

మర్రిచెట్టు, తెల్లచీర, గజ్జెల చప్పుడు. ముందు ఈ మూడింటినీ గుమ్మం బయట పెట్టేయండి. పద్నాలుగేళ్ల పిల్లలకి ఇవి సినిమాల్లో చూసి చూసి నవ్వొచ్చే సరుకైపోయాయి. తెలిసిన వంటింట్లోనో తెలిసిన రేవులోనో చిన్న తేడా పడితేనే వాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడ కట్టబోయేది 14 నుంచి 18 ఏళ్ల పాఠకులకి సుమారు 40 వేల పదాల నవల. ఇంగ్లీషు టీనేజీ నవలలు 60, 70 వేల పదాలు ఉంటాయి కదా అని ఆ లెక్క పెట్టుకోవద్దు. ఇంగ్లీషులో మూడు మాటలయ్యేది మనకి "ఇంట్లో" అన్న ఒక్క మాటలో తెమిలిపోతుంది. 1,300 పదాల చొప్పున 30 అధ్యాయాలు చాలు. మొదటినుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం: గోదావరి పాయ వశిష్ఠ గట్టు మీద ఒక కల్పిత గ్రామం, అందులో పోలి కథ.

ముందు కథలో కన్నం వెతకాలి

పోలి కథ డెల్టాలో ప్రతి ఇంటికీ తెలుసు. కార్తీకమాసం చివర అత్తగారు పెద్దకోడళ్లని వెంటబెట్టుకుని ఏటికి స్నానానికి వెళ్తుంది. చిన్నకోడలు పోలిని ఇంట్లో వదిలేసి, దీపం పెట్టుకునే సామానంతా దాచేసి మరీ వెళ్తుంది. పోలి నూతి దగ్గర స్నానం చేసి, పెరట్లో రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికంటిన వెన్న గీరి దీపం వెలిగించి, ఎవరికీ కనపడకుండా బుట్ట బోర్లిస్తుంది. విమానం దిగొచ్చి ఆమెని బొందితో స్వర్గానికి తీసుకుపోతుంటే అత్తగారు ఆమె కాలు పట్టుకుంటుంది, అత్త కాలు కోడళ్లు పట్టుకుంటారు, అందరూ కింద పడతారు. అందుకే కార్తీక అమావాస్య మర్నాడు, పాడ్యమి తెల్లవారుజామున అరటి దొప్పల్లో వత్తులు వెలిగించి నీళ్లలో వదులుతారు.

ఇప్పుడు కాగితం తీసుకుని రెండు గళ్లు గీయండి. ఎడమ గడిలో కథలోని వస్తువులు: పత్తి, కవ్వం, వెన్న, బుట్ట, నుయ్యి, కాలు. కుడి గడిలో కథ చెప్పకుండా దాటేసిన సంగతులు: పోలి మొగుడు ఎక్కడున్నాడు? పుట్టింటివాళ్లు వచ్చి అడిగారా? విమానాన్ని చూసినవాళ్లెవరు? స్వర్గానికి వెళ్లిందని ఊళ్లో చెప్పిందెవరు?

ఆఖరి ప్రశ్న దగ్గర ఆగండి. చెప్పింది ఆ కాలు పట్టుకున్నవాళ్లే. పైకి పోయే మనిషి కాలు పట్టుకుంటే పట్టుకున్నవాళ్లు వేలాడతారు. నీళ్లలో ఉన్న మనిషి కాలు పట్టుకుంటే ఆ మనిషి మునుగుతుంది. నవల మొత్తం ఈ ఒక్క తిరకాసు మీద నిలబడుతుంది. మీరు వేరే కథ ఎంచుకున్నా ఇలాంటి మలుపు ఒకటి దొరికేదాకా అధ్యాయాల జోలికి పోకండి. దొరక్కపోతే ఆ కథ మీ నవలకి పనికిరాదు, ఇంకోటి చూసుకోండి.

గయ్యాళి అత్త దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. చెడ్డవాళ్లు మొదటి పేజీనుంచీ చెడ్డగా ఉంటే దాచిపెట్టడానికి రహస్యం మిగలదు. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చేసిన మొదటి కూర్పులో స్నోవైట్‌ని చంపాలనుకున్నది కన్నతల్లే. తర్వాతి కూర్పుల్లో ఆవిణ్ణి సవతితల్లిని చేశారు. మీరు ఆ మార్పుని వెనక్కి తిప్పండి. నేరం గయ్యాళి మీంచి జరుగుతూ జరుగుతూ కథానాయికకి ప్రాణమైన మనిషి దగ్గరికి చేరాలి.

వ్రతాన్ని మాత్రం వెటకారం చేయొద్దు. పోలి దీపాలు వదిలే ఆడవాళ్లకి అది భక్తి. కథ చెప్పి దాచినవాళ్లు వేరు, దీపం వదిలేవాళ్లు వేరు.

ఏ ఏడాది, ఏ తిథి

మన ఉదాహరణలో చనిపోయిన పిల్ల సత్యవేణి. 17 ఏళ్లు, ఆ ఇంటి చిన్నకోడలు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుపాను కొట్టింది. సత్యవేణి పుట్టింటివాళ్లు ఆ రాత్రే పోయారు. అమ్మాయి మాత్రం సుమారు ఐదు వారాల తర్వాత, పోలి పాడ్యమినాడు రేవులో పోయింది. ఊరు ఆ ఐదు వారాలనీ మింగేసి "తుపానులో పోయింది" అంది. అడగడానికి వచ్చేవాళ్లు లేరు. పైగా ఆడపిల్ల పెళ్లి వయసు 1978 సవరణతోనే 18 అయింది కాబట్టి పోలీసులొస్తే ముందు ఆ పెళ్లే బయటపడుతుంది. దాచడానికి ఇంత కారణం చాలు, చేతబడులూ నిధులూ అక్కర్లేదు.

వర్తమానం 2014 నవంబరు నుంచి 2015 జులై దాకా. కథానాయిక లావణ్య, 16 ఏళ్లు, ఇంటర్ ఫస్టియర్. ఈ కాలం ఊరికే ఎంచుకున్నది కాదు. 2014లో పల్లెటూరి ఇంటర్ పిల్ల చేతిలో బటన్ ఫోనే ఉందంటే నమ్ముతారు. ప్రతి భయాన్నీ వీడియో తీసే బాధ తప్పుతుంది. మార్చిలో పరీక్షలు, ఏప్రిల్ నుంచి సెలవులు. 2015 జులై 14 నుంచి 25 దాకా గోదావరి పుష్కరాలు కాబట్టి ఆ వేసవిలో రేవుల్లో కొత్త మెట్లు వేస్తున్నారంటే అతకనట్టుండదు. పాత మెట్టు రాయి పీకినప్పుడు దాని సందులో ఒక వెండి మట్టె దొరుకుతుంది. కాలు పట్టి లాగినప్పుడు వేలినుంచి ఊడొచ్చిన మట్టె.

సంఘటన కాలువ రేవులో ఎందుకు పెట్టలేదంటారా? దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక కాలువలు కట్టేస్తారు, ప్రతి వేసవీ అడుగు బయటపడుతుంది, పిల్లలు దిగి చేపలు పట్టుకుంటారు. పద్దెనిమిదేళ్లు ఏ వస్తువూ అక్కడ దాగదు. "ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడే ఎందుకు దొరికింది?" అన్న ప్రశ్నకి జవాబు లేకపోతే డెల్టా పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. కార్తీకంలో గోదావరికి వరద రప్పించినా అంతే. వరదలు ఆషాఢ శ్రావణాల్లో వస్తాయి.  కార్తీకంలో కావాలంటే తుపాను పెట్టుకోండి. లేదా మంచు, సార్వా (మొదటి పంట) కోతలు, కళ్లంలో కుప్పలు.

అన్నిటికన్నా పనికొచ్చేది పోటు–పాటు, అంటే సముద్రపు నీరు ఎక్కడం, దిగడం. నరసాపురం, సఖినేటిపల్లి దిగువన వశిష్ఠలో సముద్రపు పోటు తెలుస్తుంది. పోటు ఎక్కేటప్పుడు నీరు ఎగువకి నడుస్తుంది, దీపాల దొప్పలు కూడా. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పక్షం తిరిగేసరికి మళ్లీ దాదాపు అదే వేళకి వస్తుంది. అంటే ఒక రేవులో ఒక తిథికి నీరు ఎటు నడుస్తుందో ఏటేటా ఇంచుమించు ఒకటే. 2014 పోలి పాడ్యమినాడు దొప్పలు ఎగువకి పోవడం లావణ్య చూసిందంటే, 1996లోనూ అలాగే పోయి ఉంటాయి. కానీ ఆ రోజు ఊరంతా సత్యవేణి కోసం దిగువకి, అంతర్వేది వైపు వెతికింది. ఏరు తెలిసిన మనిషి ఒక్కడైనా "ఎగువ లంకల్లో చూడండర్రా" అనాల్సింది. అనలేదు. దెయ్యం పూనుకోకుండానే బయటపడే ఆధారం ఇది. ఇలాంటిది నవలకి ఒకటైనా ఉండాలి.

మీరు పెట్టుకున్న రేవులో ఆ తెల్లవారుజామున పోటో పాటో అక్కడి చేపల వేటగాళ్లనే అడిగి రాసుకోండి. దొప్పలు వెనక్కి పోవడాన్ని దెయ్యం చేష్టగా మాత్రం చూపించొద్దు. గట్టు మీద పుట్టిన పదేళ్ల పిల్లాడు కూడా పకపకా నవ్వుతాడు.

దెయ్యానికి కట్టుబాట్లు

పేజీకి మించకుండా రాసి గోడకి అంటించుకోండి. సత్యవేణికి ఇవి: బుట్ట బోర్లించిన దీపం ఉన్నచోటే ఉండగలదు. ప్రశ్నలే అడుగుతుంది, జవాబు చెప్పలేదు. తను చనిపోయిన తెల్లవారుజాము ఆమెకి గుర్తులేదు. వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఒక వస్తువు తడిసి ఉంటుంది, అది ఏటి నీరే. తన పేరు ఎవరైనా పైకి పలికితే ఆ రాత్రికి వెళ్లిపోతుంది. ఇంట్లో ఎవరూ పలకరు.

వీటిలో రెండోదీ మూడోదీ, జవాబు చెప్పలేకపోవడం, గుర్తులేకపోవడం, కలిసి కథని నడిపిస్తాయి. దెయ్యానికి అన్నీ తెలిసి ఉంటే మొదటి అధ్యాయంలోనే చెప్పేసి పోవచ్చు. మిగతా 29 అధ్యాయాలు ఎందుకు? చాలా దెయ్యం కథలు చెడేది ఇక్కడే. రచయితకి అవసరమైనప్పుడల్లా దెయ్యానికి కొత్త శక్తి పుట్టుకొస్తుంది. పన్నెండో అధ్యాయంలో తలుపులు వేసిన దెయ్యం, ఇరవయ్యోదానిలో ట్రాక్టర్ ఎత్తేస్తే, ఇక ఏం జరిగినా ఆశ్చర్యం ఉండదు, భయమూ ఉండదు.

మోతాదు కూడా ముఖ్యమే. నిండు రూపంతో అయిదుసార్లు, అంతకు మించొద్దు. ఆనవాళ్లుగా ఇంకో తొమ్మిది అధ్యాయాల్లో. మొదటి ఆనవాలు 1,500 పదాల లోపు, మొదటిసారి కనపడటం 8 వేల పదాల దగ్గర. అంతకన్నా ఆలస్యమైతే పిల్లలు ఆగరు, ముందే చూపిస్తే తర్వాత చూపించడానికి ఏమీ మిగలదు.

ఏడు చేపల గొలుసు

కథాక్రమానికి మూడంకాలూ ఆరు మలుపులూ అంటూ బయటి కొలతలు తెచ్చుకోనక్కర్లేదు. మన చిన్నప్పటి కథ ఉంది. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపుని అడిగితే ఆవు మీద చెప్పింది, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. కాస్త ఆగి చూస్తే ఇది అచ్చమైన నేర పరిశోధన. ఎవరూ అబద్ధం చెప్పరు, ఎవరూ తప్పు ఒప్పుకోరు. ప్రతివాడూ వేలు పక్కకి చూపిస్తాడు.

లావణ్య అడిగే ఏడుగురు ఈ వరసలో: పంటు (ఏరు దాటించే పడవ) నడిపిన తాత, కిరాణా కొట్టు ముసలాయన, తుపాను మృతుల జాబితా రాసిన పాత గుమాస్తా, దొడ్డమ్మ, మామ్మ, నాన్న, ఆఖర్న అమ్మ. నోటుబుక్కులో ఒక్కొక్కరికీ ఒక పేజీ కేటాయించి మూడే మూడు సంగతులు రాయండి: ఏం చూశారు, ఏం మింగేశారు, ఎవరివైపు వేలు చూపించారు. పంటు తాత చూసింది దొప్పలు ఎగువకి పోవడం. మింగేసింది ఆ మాట. చూపించింది కొట్టాయన్ని. కొట్టాయన దగ్గర అరువు పుస్తకం ఉంది. అందులో తుపాను వెళ్లిన నెలకి సత్యవేణి పేర ఒక పత్తి పొట్లం రాసి ఉంది. నవంబరు 6న చచ్చిపోయిన పిల్ల డిసెంబరులో పత్తి ఎలా కొనుక్కుంది? అక్కడినుంచి గుమాస్తా దగ్గరికి.

ఒక్కొక్కరికీ మూడు అధ్యాయాలు: వెతకడం, అడగడం, అడిగినందుకు ఇంట్లో పడ్డ దెబ్బ. ఏడు మూళ్లు 21. ముందు 4, చివర 5. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే నవల ఇంటర్వ్యూల కట్టలా తయారవుతుంది. పంటు తాతని అడిగొచ్చిన సాయంత్రం మామ్మ లావణ్యతో మాట్లాడటం మానేయాలి. గుమాస్తాని అడిగొచ్చాక కాలేజీ మాన్పిస్తామన్న మాట రావాలి. చీమ పుట్టలో వేలు పెట్టింది లావణ్యే కదా, కుట్టడం ఆమెనే కుట్టాలి.

ఒక సన్నివేశం దగ్గరగా

మొదటి ప్రతిలో ఎవరైనా ఇలాగే రాస్తారు:

"అర్ధరాత్రి పన్నెండయింది. కుక్కలు ఏడుస్తున్నాయి. ఒక్కసారిగా చల్లగాలి వీచింది. లావణ్య గుండె వేగంగా కొట్టుకుంది. ఎదురుగా ఒక భయంకరమైన ఆకారం!"

ఇందులో ఈ ఇంటికి చెందిన వస్తువు ఒక్కటీ లేదు. "భయంకరమైన" అని రచయితే చెప్పేశాక పాఠకుడికి పని లేదు. కట్టుబాట్ల కాగితం చూసి తిరగరాస్తే:

"వంటింట్లో బుట్ట కింద వెలుతురుంది. వెదురు సందుల్లోంచి గోడ మీద గళ్లు గళ్లుగా పడుతోంది. మామ్మ దీపం మర్చిపోయిందనుకుని లావణ్య వంగింది. గోడ మీద గళ్లు మెల్లగా తిరుగుతున్నాయి. బుట్ట కదల్లేదు. స్తంభానికి కవ్వం తాడు తడిగా వేలాడుతోంది. ఇవాళ ఇంట్లో చల్ల చెయ్యలేదు. తాడు పట్టుకుని వాసన చూసింది. ఒండ్రు.

'పత్తుందా?' అన్నారెవరో. తన ఈడు పిల్ల గొంతే."

తేడా ఎక్కడుందో చూడండి. వెలుతురు తిరుగుతోంది, వెలుతురుకి ఆధారమైనది తిరగడం లేదు. అంతవరకే చెప్పి ఊరుకున్నాం. తడి ఉన్నచోట మనిషి చూస్తాడు, తర్వాత ముట్టుకుంటాడు, తర్వాత వాసన చూస్తాడు. ఆ క్రమం తప్పొద్దు. దెయ్యం అడిగింది చాలా మామూలు సంగతి. "నిన్ను వదలను" అనే దెయ్యం కన్నా పత్తి అడిగే దెయ్యం ఎక్కువసేపు గుర్తుంటుంది. ఆ పత్తే తర్వాత అరువు పుస్తకంలో తేలుతుంది.

పిలుపులు, యాస

సత్యవేణి లావణ్య బాబాయి భార్య. అంటే వరసకి పిన్ని. కానీ వయసు 17 దగ్గరే ఆగిపోయింది. మొదట్లో ఇద్దరూ "ఏమే, నువ్వు" అనుకుంటారు, స్నేహితురాళ్లలాగే. వరస తెలిసిన రోజున లావణ్య నోట "పిన్నీ" అన్న మాట మొదటిసారి వస్తుంది. నవల మొత్తంలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు. దాన్ని 24వ అధ్యాయం దాకా దాచుకోండి, అప్పటిదాకా పొరపాటున కూడా ఆ మాట పడనీయకండి.

యాస సంభాషణల్లోనే. కథనం మామూలు వాడుకభాషలో సాగాలి. గోదావరి యాస అంటే మాటకి ముందూ వెనకా "ఆయ్" తగిలించడం కాదు. "ఆయ్" ఒప్పుకోలు మాట, అదీ వినయంగా ఒప్పుకునేచోట. యాస క్రియల్లో ఉంటుంది: వచ్చేడు, చెప్పేను, ఎల్లేరు. పంటు తాత ఇలా అంటాడు: "మంచమ్మా ఆ రోజు. చెయ్యి చాపితే చెయ్యి కనపళ్లేదు. పంటు తియ్యలేదు నేను. తియ్యనోణ్ణి నన్నడిగితే నేనేటి చెప్పేది?" ఇదే తాత లావణ్య నాన్నతో మాట్లాడేటప్పుడు వాక్యానికో "అండి" పడుతుంది. ఎవరికి "గారు" పడుతుందో ఎవరికి పడదో అన్నదాంట్లోనే ఊళ్లో బలాబలాలు తెలిసిపోతాయి, వేరే వివరించక్కర్లేదు. ఒక పేజీలో యాస క్రియలు పది దాటితే పైకి చదివి నాలుగు తీసేయండి.

పిల్లల పుస్తకం కాబట్టి

దెయ్యం కథల్లో తేలిగ్గా దొర్లే తప్పు ఒకటుంది. మంత్రగత్తెగా ఊరి చివర ఒంటరి ముసలమ్మని పెట్టడం. చేతబడి అనుమానంతో మనుషుల్ని నిజంగా కొట్టి చంపిన చోటు మనది. ఆ పాత్ర అక్కర్లేదు. గాలి సోకిందని వేపమండలతో కొట్టే సన్నివేశం పెడితే, అది చికిత్సలా కాక దెబ్బలా కనపడాలి.

సత్యవేణిది ఆత్మహత్య కాదు, ప్రమాదం. దాన్ని దాచడం నేరం. చచ్చిపోతే దెయ్యమై పగ తీర్చుకోవచ్చు, అప్పుడు అందరూ ఏడుస్తారు అన్న ఊహ ఈ వయసు పిల్లలకి చాలా ప్రమాదం. మీ కథలో ఆత్మహత్య తప్పనిసరైతే పద్ధతి వివరించొద్దు, చావు వల్ల ఎవరికీ ఏదీ దక్కినట్టు చూపించొద్దు. పుస్తకం చివరి పేజీలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీమానస్ నంబరు 14416 వేయండి.

ముగింపులో అమ్మని జైలుకి పంపాలా, క్షమించాలా అని తన్నుకోకండి. రేవులో అమ్మ నోటితో సత్యవేణి పేరు పలికిస్తే చాలు. పుష్కరాల్లో పిండం పెట్టేటప్పుడు పేరు చెప్పాలి. పద్దెనిమిదేళ్లుగా ఆ పేరు చెప్పినవాళ్లు లేరు. పేరు పలికితే వెళ్లిపోతుందన్న కట్టుబాటు మొదటినుంచీ ఉంది కాబట్టి ఇక్కడ కొత్తగా ఏ మహిమా అక్కర్లేదు.

తిరగరాత, అచ్చు

మొదటి ప్రతిని నెల రోజులు పక్కన పెట్టి, తర్వాత మూడు రంగుల పెన్సిళ్లతో చదవండి: ఒకటి తేదీలూ తిథులకి, ఒకటి దెయ్యం కట్టుబాట్లకి, ఒకటి పిలుపులకి. మూడూ ఒకేసారి చూస్తే ఏదీ సరిగ్గా దొరకదు. తర్వాత నలుగురైదుగురు ఇంటర్ పిల్లలకి ఇచ్చి "ఎలా ఉంది?" అని అడక్కండి, బావుందనే అంటారు. ఏ పేజీ దగ్గర ఆపి పక్కన పెట్టారో మార్జిన్‌లో టిక్కు పెట్టమనండి. రెండు టిక్కులు ఒకచోట పడితే అంతకు ముందు అధ్యాయంలో తప్పుంది.

డెమ్మీ సైజులో పేజీకి సుమారు 240 పదాలు పడతాయి. 40 వేల పదాలకి 167 పేజీలు, ముందు పేజీలతో కలిపి 176. పదహారేసి పేజీల ఫారాలు సరిగ్గా 11. నాలుగు పేజీలు ఎక్కువైతే ఇంకో ఫారం ఖర్చు పడుతుంది, కాబట్టి అచ్చుకిచ్చేముందు ఆ నాలుగూ కోసేయండి. యూనికోడ్‌లో టైప్ చేసినదాన్ని డీటీపీ వాళ్లు అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) మారిస్తే కొన్ని ఒత్తులు చెదురుతాయి. ప్రూఫులో ముందుగా "మట్టె", "వత్తి", "వశిష్ఠ" అన్న మూడు మాటల్నీ ప్రతి పేజీలో వెతికి చూడండి.